మృదుల మేడం అనుమానాలు

మొన్న మార్చిలో ఆర్మూర్ బస్టాండులో దిగి మార్కెట్ యార్డు వైపు నడుస్తుంటే పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే యంత్రం చప్పుడు వినిపించింది. ఆ వెంటే ఘాటు. ముక్కులో మొదలై గొంతులోకి దిగి, నాలుక మీద మట్టీ చేదూ కలిసిన రుచిగా నిలిచిపోయే ఘాటు. పుట్టి పెరిగిన ఊరు కాబట్టి నాకది ఎప్పుడూ వాసనలా తోచలేదు, మామూలు గాలే అనుకునేదాన్ని. కానీ హైదరాబాదులో ఉంటూ, యార్డు వైపు రాక చాలా ఏళ్ళయినందుకో ఏమో, ఆ రోజు వరసగా తుమ్ములు వచ్చాయి. తుమ్ముల మధ్య మృదుల మేడం గుర్తుకొచ్చారు. మొదటిసారి నాతో ఇక్కడికి వచ్చినప్పుడు ఆమె కూడా ఇలాగే తుమ్మి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గుట్టలుగా పోసిన పసుపును చూస్తూ నిలబడ్డారు. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా క్వింటాలు ఎంత పలుకుతుందని అడుగుతారు. ఆమె మాత్రం, "ఈ దుమ్ములో పని చేసేవాళ్ళ పిల్లలు పగలంతా ఎక్కడ ఆడుకుంటారు?" అని అడిగారు. అంతే, ఆమెకు దేన్ని చూసినా ముందు ఒక అనుమానం పుట్టేది.

పోయిన వానాకాలంలో ఆమె చనిపోయారు. హైదరాబాదులో న్యూరోసైకాలజీ ప్రొఫెసరుగా పనిచేసి రిటైరయ్యారు. పిల్లల మెదడు ఎదుగుదలలో వచ్చే తేడాలు, ముఖ్యంగా మాట విషయంలో వచ్చే తేడాలు ఆమె పరిశోధన. నేను ఎం.ఏ. సైకాలజీ చదివి, ఉద్యోగం దొరక్క, ఆమె దగ్గర రీసెర్చ్ అసిస్టెంటుగా చేరాను. ఆర్మూర్ చుట్టుపక్కల మాట ఆలస్యమైన పిల్లల గురించి ఆమె అప్పుడే కొత్త పని మొదలుపెడుతున్నారు. నాకంటే మంచి మార్కులున్న వాళ్ళను పక్కనపెట్టి నన్నెందుకు తీసుకున్నారో నాకు అర్థం కాలేదు. కొన్నాళ్ళకు ఉండబట్టలేక, "మేడం, నా చదువు చూసి తీసుకున్నారా, నా యాస చూసి తీసుకున్నారా?" అని అడిగేశాను. "యాస చూసే," అన్నారు ఆమె, కళ్ళజోడు తుడుచుకుంటూ. "చదువు తర్వాత నేర్పుకోవచ్చు." ఆ జవాబుకు నేను నొచ్చుకున్నాను. అయితే అబద్ధం ఆడని మనిషి అని కూడా ఆ రోజే తెలిసింది.

మా అమ్మ బీడీలు చుట్టేది. మేడం మా ఇంటికి వచ్చి వెళ్ళాక అమ్మ చేట పక్కన పెట్టి, "గామె హైదరాబాదుల ఫ్యాను కింద కూసోక గీడికెందుకొస్తున్నది బిడ్డా? లాభం లేంది ఎవ్వలు రారు. మన పిల్లలను చూపెట్టి పేరు తెచ్చుకుంటదేమో, జర చూసుకో," అంది. ఆ మాట నాలో పాతుకుపోయింది. మేడం పిల్లలతో ఆడుతుంటే, తల్లులతో మాట్లాడుతుంటే, పక్కన కూర్చుని రాసుకుంటూనే ఆమెను గమనించేదాన్ని.

అలాంటి రోజుల్లోనే అక్షయ మా దగ్గరికి వచ్చింది. మా గల్లీకి రెండు సందుల అవతల ఇల్లు. ఐదేళ్ళ పిల్ల. తండ్రి నరేష్ దుబాయిలో పని చేసేవాడు. ఇంట్లో తల్లి లావణ్య, నాయనమ్మ ఉండేవారు. గలగలా మాట్లాడే పిల్ల కొన్ని నెలలుగా మాట తగ్గించి, చివరికి పేరు పెట్టి పిలిచినా పలకడం మానేసింది. చెవుల డాక్టరు చెవులు బాగానే ఉన్నాయన్నాడు. ఒక చోట ఆటిజం అన్నారు. నాయనమ్మ మొదట మొండితనం అంది. గల్లీ మాత్రం ఇవేవీ కాదని తేల్చేసింది. ఎదురింటి సాయవ్వ చేతబడి చేసిందన్నారు. సాయవ్వకు భర్త లేడు, పిల్లలు లేరు. యార్డులో పసుపు ఏరే కూలికి వెళ్ళేది. సాయంత్రాలు అక్షయను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉడకబెట్టిన శనగ గుడాలు తినిపించేది.

"గామె చేతి గుడాలు తిన్నకాడికెల్లే గిట్లయింది మేడం," అంది నాయనమ్మ, గొంతు తగ్గించి. "మీరు గామె ఇంట్ల నీళ్ళు గూడ తాగొద్దు."

మేడం తల ఊపారు. చేతబడి లేదనలేదు, మూఢనమ్మకం అనలేదు. బయటికి వచ్చి, చెప్పులు వేసుకుని, నేరుగా ఎదురింటికి నడిచి, "అమ్మా, కొంచెం చాయ్ ఇస్తారా?" అన్నారు. సాయవ్వ నమ్మలేనట్టు చూసింది. తర్వాత గడప ముందు పీట వేసింది. గల్లీ అంతా చూస్తుండగా మేడం గ్లాసు ఖాళీ చేసి, ఇంకొంచెం పోయించుకున్నారు. తిరిగి వస్తున్నప్పుడు నేను ఆగలేకపోయాను.

"అందరికీ చూపించడానికే తాగారు కదా మేడం?"

"సగం అందుకే. మిగతా సగం, పాప ఎక్కువసేపు గడిపింది ఆమెతోనే. మార్పు మొదట కనిపెట్టింది ఆమే అయి ఉంటుంది. ఆమెను ఎవరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదు. మేము వెనక్కి వెళ్ళి అడిగితే సాయవ్వ చెప్పిన సంగతి ఒక్కటే. అక్షయ మొదట మాట్లాడడం మానలేదు, అర్థం చేసుకోవడం మానింది. "నేను చెప్తుంటె నా మూతి దిక్కు చూస్తుండె పిల్ల. తురుక మాట మాట్లాడినట్టు చూస్తుండె," అని కళ్ళు తుడుచుకుంది.

మేడం ఆ సాయంత్రమే నరేష్‌కు ఫోన్ చేశారు. పాప పంపిన వాయిస్ మెసేజ్‌లు ఏమైనా దాచుకున్నారా అని అడిగారు. "ఒక్కటి గూడ తీసెయ్యలె మేడం. డ్యూటీ అయినంక రూముల పండుకొని గవే వింట," అన్నాడతను. మర్నాడు లావణ్య వాళ్ళ అరుగు మీద కూర్చుని వాటిని పాతవాటి నుంచి వరసగా విన్నాం. మొదట్లో ఊపిరి తీసుకోకుండా కబుర్లు. "బాపూ, నాకు లైట్లు వెలిగే చెప్పులు తేవాలె, నీలంయి వద్దు. సాయవ్వ కోడి గుడ్లు వెట్టింది, నాకు చూపెట్టింది బాపూ." తర్వాత తర్వాత వాక్యాలు పొట్టివయ్యాయి. పదాల మధ్య వెతుకులాట మొదలైంది. చెప్పులను "గవి, గవి" అనసాగింది. ఆ తర్వాత లావణ్య గొంతే వినిపించింది, "మాట్లాడు బిడ్డా, బాపు వింటుండు," అని. పాప "బాపు" అని ఊరుకుంది. ఆఖరి వాటిలో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. బీడీలు చుడుతున్న నాయనమ్మ చేతిలో తునికాకు అలాగే ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. మేడం మాత్రం కళ్ళు మూసుకుని, మధ్యలో ఉన్న ఒక మెసేజ్‌ను మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని విన్నారు. ఆ క్షణంలో ఆమె నాకు రాతి మనిషిలా కనిపించారు.

ఆమెకు వచ్చిన అనుమానం ఇది. కొందరు పిల్లల్లో నిద్రపోయేటప్పుడు మెదడులో విద్యుత్ అలజడి రేగుతుంది. బయటికి మూర్ఛ కనిపించకపోవచ్చు. కానీ ఆ అలజడి మాటను అర్థం చేసుకునే చోటును దెబ్బతీస్తుంది. పిల్లకు చప్పుడు వినిపిస్తుంది, మాట మాత్రం మాటగా చేరదు. చాలా అరుదైన జబ్బు. హైదరాబాదులో పిల్లల నరాల డాక్టరుకు చూపించి, నిద్రలో మెదడు తరంగాలను గీసే ఈఈజీ తీయించాలి. "అదేనంటారా మేడం?" అని లావణ్య చేతులు పట్టుకుని అడిగింది. "అనుమానమే అమ్మా. కాకపోవచ్చు కూడా," అన్నారు మేడం. లావణ్య ముఖం వాడిపోయింది. ఇంత దూరం వచ్చిన పెద్ద మేడం నోట ఒక్క గట్టి మాట రాకపోవడం నాకూ కోపం తెప్పించింది. గల్లీవాళ్ళు ఎంత ధీమాగా చెబుతున్నారు! ఈమె ఎందుకు చెప్పరు?

మేము హైదరాబాదు ప్రయాణం ఏర్పాట్లలో ఉండగానే సాయవ్వ తలుపు మీద రాళ్ళు పడ్డాయి. నేను వెళ్ళేసరికి ఆమె మూట కట్టుకుంటోంది. పోలీసులకు చెబుదామని మేడం అంటే, "వద్దు మేడం. పోలీసులొస్తె ఇగ నేనే చేసిన్నని ఖాయం జేస్తరు," అంది. దొంకేశ్వర్‌లో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. ఆటో ఎక్కుతున్నప్పుడు గల్లీలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. లావణ్య కిటికీ వెనక నిలబడి ఉండడం నేను చూశాను.

ఈఈజీలో మేడం అనుమానం నిజమైంది. డాక్టరు మందులు మొదలుపెట్టాడు. కొన్ని వారాలకు అక్షయ పిలిస్తే తిరిగి చూసింది. తర్వాత "నీళ్ళు" అంది. ఆ రోజు లావణ్య ఫోనులో ఏడుస్తూ నవ్వుతూ చెప్పింది. నేను ఎగిరి గంతేశాను. గల్లీ కూడా సంబరపడింది. "సూసినవా? గామె పోంగనే పిల్లకు మాటొచ్చింది," అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయి వాళ్ళను తిట్టిపోశాను. మేడం నన్ను చూసి, "వాళ్ళను ఎందుకు తిడతావు? మందు మొదలైంది, మనిషి వెళ్ళిపోయింది. రెండూ ఒక్కసారే జరిగాయి. వాళ్ళకు నచ్చిన కారణం వాళ్ళు తీసుకున్నారు. మనకు నచ్చింది మనం తీసుకున్నాం," అన్నారు.

"మనకు ఈఈజీ ఉంది కదా మేడం?"

"ఉంది. అందుకే మన అనుమానం వాళ్ళదానికంటే కాస్త గట్టిది. కానీ వాళ్ళకు మనం ఏం చూపించాం? కాగితం మీద గీతలు. వాళ్ళ కళ్ళకు కనబడింది మాత్రం ఆటో ఎక్కిన ఆడమనిషి."

ఆ వారమే, సాయవ్వను వెనక్కి పిలుద్దామని ఇద్దరం దొంకేశ్వర్ వెళ్ళాం. పాపకు వచ్చిన జబ్బేమిటో మేడం సాయవ్వకు విడమరిచి చెప్పారు. ఆమె అంతా విని, "మల్ల తిరగబెడ్తదా?" అని అడిగింది. తిరగబెట్టదు అంటే చాలు, ఆమె మాతో బయల్దేరేదే. నేను మేడం వైపు ఆశగా చూశాను. "తిరగబెట్టవచ్చు. లేదని నేను చెప్పలేను," అన్నారు మేడం. "అయితె నేను రాను. మల్ల నా మీదనే వడ్తరు," అంది సాయవ్వ. మాకు అన్నం పెట్టి పంపింది.

ఆ రోజుల్లోనే నన్ను తొలుస్తున్న ప్రశ్న అడిగేశాను. "ఈ పాప గురించి పేపరు రాస్తారా మేడం?" ఆమె నవ్వారు. "రాయాలనే ఉంది. ఆ వాయిస్ మెసేజ్‌లలాంటివి ఇంతవరకు నా చేతికి రాలేదు. నువ్వు మొదటి రోజు నుంచీ నన్ను అనుమానిస్తున్నావని తెలుసు. అనుమానించు, తప్పు లేదు. ఇప్పటిలాగే మొహం మీద అడుగు." లావణ్యను ఆమె నా ముందే అడిగారు. పేరు ఉండదు, ఊరు ఉండదు, వద్దంటే వైద్యం ఆగదు అని చెప్పారు. లావణ్య కొంగు మెలిపెట్టి, "వద్దు మేడం. పేరు లేకున్నా గది నా బిడ్డ గొంతు," అంది. మేడం ముఖంలో నిరాశ దాగలేదు. "సరే అమ్మా," అన్నారు. నేను ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి జర్నళ్ళలో ఆమె పేరు కింద వెతికాను. ఆ పాప ఎక్కడా కనబడలేదు.

తర్వాతి చలికాలంలో, డాక్టరు మందు మోతాదు తగ్గిస్తున్నప్పుడు, జబ్బు తిరగబెట్టింది. వచ్చిన మాటల్లో సగం వారం తిరిగేలోగా పోయాయి. మేము వెళ్ళేసరికి లావణ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. గల్లీ ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. ఇందులో సాయవ్వ తప్పేమీ లేదని మేడం ఇప్పుడు చెబుతారనుకున్నాను. చెప్పడానికి అంతకంటే అదను దొరకదు. ఆమె పాప పక్కన నేల మీద కూర్చుని రంగు బిళ్ళలు ముందు పెట్టారు, అంతే. అప్పుడు లావణ్యే నెమ్మదిగా తల ఎత్తింది.

"సాయవ్వ ఈడ లేనే లేదు గదా మేడం? మల్ల గిట్లెందుకైంది?"

మర్నాడు పొద్దున లావణ్య అత్తగారికి కూడా చెప్పకుండా పిల్లను తీసుకుని దొంకేశ్వర్ వెళ్ళింది. సాయవ్వ కాళ్ళు పట్టుకుందట. పిల్ల ఏమీ మాట్లాడలేదట, కానీ సాయవ్వ గుడాల గిన్నె తెచ్చి ముందు పెట్టేలోపే వెళ్ళి ఆమె ఒళ్ళో కూర్చుందట. ఇది విని నేను, "ఇక గల్లీ నోరు మూతపడుతుంది మేడం," అన్నాను. పడలేదు. "దొంకేశ్వర్ల ఉండి గూడ చేస్తది," అన్నవాళ్ళు ఉన్నారు. అది విన్నప్పుడు మేడం మొదటిసారి గట్టిగా నిట్టూర్చారు. "చూశావా, అది అనుమానం కాదు. అనుమానానికి తప్పని తేలే దారి ఒకటి ఉండాలి. నాకు ఎప్పుడైనా ఆ దారి మూసుకుపోతే చెప్పు," అన్నారు.

మందు మార్చాక అక్షయ మళ్ళీ కోలుకుంది. ఇప్పుడు హైస్కూలులో చదువుతోంది. కొన్ని మాటలకు తడుముకుంటుంది, గోలగా ఉన్నచోట ఎదుటివాళ్ళ పెదవులు చూస్తుంది. సాయవ్వ ఆర్మూర్‌లో ఉండడానికి తిరిగి రాలేదు. లావణ్యే సెలవులకు పిల్లను అక్కడికి పంపిస్తుంది.

నేను ఇప్పుడు యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నాను, నెలకోసారి ఆర్మూర్ వచ్చి పిల్లలను చూస్తున్నాను. "ఖాయంగ గిదేనా మేడం?" అని తల్లులు అడుగుతారు. ఔనంటే వాళ్ళు ఆ రాత్రి నిద్రపోతారని తెలుసు. "ఇప్పటికి ఇదే అనుకుంటున్నానమ్మా. ఇలా జరిగితే నేను అనుకున్నది తప్పని అర్థం, అప్పుడు వెంటనే రండి," అని చెబుతాను. కొందరికి ఆ మాట నచ్చదు. ఈమెకే తెలవదు అనుకుంటూ, ఖాయంగా చెప్పేవాళ్ళను వెతుక్కుంటూ లేచి వెళ్ళిపోతారు. వాళ్ళు మెట్లు దిగుతుంటే పిలిచి ఒక అబద్ధం చెప్పాలని నోటిదాకా వస్తుంది. చెప్పను. కొన్ని నెలలకు వాళ్ళలో కొందరు పిల్లను చంకనెత్తుకుని తిరిగొస్తారు, గుమ్మం దగ్గరే తటపటాయిస్తూ నిలబడతారు. ఎక్కడికి వెళ్ళారని నేను అడగను. లోపలికి రమ్మని, పిల్లలో కొత్తగా ఏం కనిపించిందో చెప్పమంటాను.