మెట్లు లేని గిటారు

కేసముద్రంలో బేస్ గిటారు వాయించేవాడు షంషుద్దీన్ ఒక్కడే. అదేమిటో తెలిసినవాళ్లం ఇద్దరమే, వాడూ నేనూ. మా ఇద్దరిలో ఎక్కువ తెలిసినవాణ్ని నేనేనని అనుకునేవాణ్ని. ఈ కథంతా ఆ అనుకోవడం వల్ల వచ్చిందే.

నా పేరు పురుషోత్తం. పెళ్లిళ్లలో కీబోర్డు వాయించేవాణ్ని. నాకు నోటిదురుసు ఎక్కువని మావాళ్లంటారు, నిజమే. షంషుద్దీన్ మార్కెట్ యార్డు ఎదురుగా మోటార్ల వైండింగ్ దుకాణం నడిపేవాడు. కాలిపోయిన బోరు మోటారు తెచ్చి పడేస్తే కొత్త రాగి తీగ చుట్టి మళ్లీ తిప్పేవాడు. తిరిగే మోటారు మోత విని, ఎక్కడ చెడిందో విప్పకుండానే చెప్పేవాడు. ఆ గుయ్యిమనే మోత మీద ఇష్టంతోనే బేస్ పట్టాడని నా అనుమానం. మామూలు గిటారు చేతికిస్తే "దోమ లెక్క మొత్తుకుంటది" అని తిరిగిచ్చేవాడు.

అది రెండువేల పదకొండు. తెలంగాణ కోసం ఊరూరా సభలు, రాస్తారోకోలు, వంటావార్పులు. పెళ్లిళ్లలో సినిమా పాటలు వాయించిన మేమంతా సభల స్టేజీలెక్కాం. షంషుద్దీన్‌కు పాట రాదు. మైకు ముందు నిలబెడితే నినాదం కూడా సగంలోనే ఆగిపోయేది.

"అందరు ఏదో ఒకటి జేస్తున్నరు పురుషోత్తమన్నా. నాకొచ్చింది గిదొక్కటే. గిది గూడ లేకుంటే కింద నిలబడి జూసుడే" అనేవాడు.

మా బృందాన్ని నడిపే నిరంజన్‌కు మాత్రం బేస్ మీద నమ్మకం లేదు. "డప్పున్నది, డోలున్నది. నీ బుర్రుబుర్రు ఎవలికినబడ్తదిరా?" అని మొహం మీదే అన్నాడు. జనగామలో జరగబోయే పెద్ద సభ దాకా చూస్తాననీ, అక్కడ పాటకు పనికొస్తేనే ఆ తర్వాత ఉంచుకుంటాననీ తేల్చేశాడు. షంషుద్దీన్‌కు ఆ రోజు నుంచీ జనగామ తప్ప ఇంకో ధ్యాస లేదు.

సరిగ్గా అప్పుడే వాడి పాత గిటారు మెడ వంగిపోయింది. సికింద్రాబాద్‌లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ బేస్ అమ్ముతున్నాడని తెలిసి, రైలెక్కి వెళ్లి తెచ్చుకున్నాడు. దుకాణంలో సంచీ విప్పి చూపించాడు. మంచి చెక్క, బరువైన వస్తువు. కాని మెడ మీద అడ్డంగా ఉండాల్సిన సన్నటి లోహపు మెట్లు లేవు. అవి ఉండాల్సిన చోట తెల్లటి గీతలు మాత్రం ఉన్నాయి.

"మెట్లేవిరా?" అన్నాను.

"గిది గిట్లనే ఉంటదన్నడు అమ్మినాయన."

"నువ్వు నమ్మినవా?"

"నమ్మలే. పాత మోటరమ్మెటోళ్లందరు గదే అంటరు గద, గిది గిట్లనే ఉంటదని. కని మోత మస్తుగుండె అన్నా. ఇడిసి రాబుద్ధి గాలే."

ఇరవై ఏళ్లుగా పాత మోటార్లు కొని మోసపోయి మోసపోయి, అమ్మేవాడి మాట ఏదైనా అబద్ధమేనని వాడికి ఖాయమైపోయింది. ఇంకో మాట అడుగుదామంటే పట్నపు మనిషి ముందు చిన్నబోతానని సిగ్గు. సగం నమ్మి, సగం నమ్మక, తల గోక్కుంటూ తెచ్చుకున్నాడు.

వాయించడం మొదలుపెట్టాక అయోమయం ఇంకా పెరిగింది. మెట్లున్న గిటారులో వేలు కాస్త అటూ ఇటూ పడ్డా స్వరం చోటు తప్పదు. ఇందులో వెంట్రుకవాసి తప్పినా స్వరం పక్కకు పోతుంది. షంషుద్దీన్ తప్పిన వేలిని మెల్లగా జరుపుకుంటూ స్వరాన్ని వెతుక్కునేవాడు. నేను వెక్కిరించేవాణ్ని. "స్వరమా, తప్పిపోయిన మేకనా అది?" అనేవాణ్ని. వాడికి కోపమొచ్చేది కాదు. "నాక్కూడ సమజైతలేదన్నా" అనేవాడు.

కురవి సభకు ఆ గిటారుతోనే వచ్చాడు. అక్కడ మాతో రుక్కి పాడింది. కురవి దగ్గరి తండా మనిషి, కూలిపని చేసుకునేది, లంబాడి పాటలూ తెలుగు పాటలూ పాడేది. ఆమెతో నాకు పెద్ద తలనొప్పి. శ్రుతి ఇస్తానంటే వినదు, గొంతెత్తి ఎక్కడ తోస్తే అక్కడ మొదలుపెడుతుంది. ఆ గొంతు ఎప్పుడూ నా కీబోర్డులో రెండు మెట్ల మధ్యనే పడుతుంది. కీబోర్డును సరిచేసుకునే బటన్ ఉంది కాని, నేను దాన్ని వెతికేలోపు ఆమె రెండో చరణంలో ఉంటుంది, మూడో చరణానికి ఇంకాస్త పైకి పోతుంది. ఆమె పాడినప్పుడల్లా నేను చేతులు కట్టుకుని మొహం మాడ్చుకుని కూర్చునేవాణ్ని.

కురవిలో షంషుద్దీన్ మాత్రం ఆపలేదు. తప్పుతున్నానన్న భయంతో వేళ్లు జారుస్తూనే ఉన్నాడు. ఆ రోజు రుక్కి పాటకు జనం లేచి నిలబడ్డారు. దిగాక ఆమె నేరుగా వాడి దగ్గరికి వచ్చింది.

"అన్నా, నీ బాజ నా ఎన్కెన్కనే నడిసింది. మంచిగనిపిచ్చింది" అంది.

షంషుద్దీన్ తెల్లబోయాడు. "అన్ని తప్పులే వాయించిన గదన్నా, గామె ఏందట్ల అంటది?" అని నన్నడిగాడు. మంచిమాటకు అన్నదిలే అన్నాను.

ఆ సభకు భూపాలపల్లి నుంచి ఎర్రయ్య కూడా వచ్చాడు. బొగ్గు గనిలో పని, గని కాలనీ ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాడు. బేస్ వాయించేవాళ్లు ఇద్దరు ఒకచోట కలవడం ఎంత అరుదో, కలిస్తే ఎంత మాట్లాడతారో ఆ రోజు చూశాను. వంటావార్పు దగ్గర అన్నం చల్లారిపోతున్నా ఇద్దరికీ పట్టలేదు.

"తీగలెప్పుడు మార్చినవే?" అన్నాడు ఎర్రయ్య.

"యాడ మార్చిన? మోత మొద్దువారితే తీసి ఉడుకు నీళ్లల్ల మరగబెడ్త. మల్ల గణగణ మంటయ్."

"నేను గూడ గంతే! మావోళ్లు పులుసుగాస్తున్నవా అని నవ్వుతరు. స్పీకరెంతది?"

"పదిహేనించులది. పెట్టె నేనే జేసిన."

ఇలా తీగల లావు, వేళ్లతో కొట్టాలా బొటనవేలితోనా అనేదాకా మాటలు పోయాక, ఎర్రయ్య వాడి గిటారు చేతిలోకి తీసుకున్నాడు. మెడ తడిమి ఆగిపోయాడు.

"మెట్లు లేకుంటే గిటారెట్లయితదే? నిన్ను ముంచిండు వాడు."

"నేను చెప్తే వింటలేడు" అని నేను అందుకున్నాను. నిజానికి నేను అప్పటికి ఏమీ చెప్పలేదు, వెక్కిరించాను అంతే.

షంషుద్దీన్ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "రుక్కమ్మ మంచిగున్నదన్నది గద" అన్నాడు చిన్నగా.

"ఆమెకేం దెలుస్తదిరా గిటారు గురించి? జనగామల గిట్లనే జారుకుంట వాయిస్తే నిరంజన్ దింపేస్తడు. మెట్లు కొట్టియ్" అన్నాను. ఎర్రయ్య కూడా తల ఊపాడు.

షంషుద్దీన్ నాలుగు రోజులు ఎటూ తేల్చుకోలేక తిరిగాడు. ఐదో రోజు నేనే వెంటబెట్టుకుని మానుకోటలో తెలిసిన అవుసులాయన దగ్గరికి తీసుకెళ్లాను. బంగారప్పని చేసే చేయి, పాపం ఎంతో నేర్పుగా చేశాడు. తెల్లగీతల వెంట సన్నటి రంపంతో కోసి, ఇత్తడి తీగ దించి, అరగదీశాడు. కోత పడుతున్నప్పుడు షంషుద్దీన్ బయటికి పోయి నిలబడ్డాడు. తర్వాత వాయించి చూస్తే ప్రతి స్వరమూ కొట్టినట్టు పలికింది. ఇక జనగామలో మాకు అడ్డులేదనుకున్నాను.

జనగామ సభ మధ్యాహ్నం మొదలైంది. మొదటి మూడు పాటలూ అద్భుతంగా నడిచాయి. నా కీబోర్డూ వాడి బేసూ అతికినట్టున్నాయి. నిరంజన్ కూడా ఒకసారి వాడివైపు చూసి తల ఊపాడు. షంషుద్దీన్ మొహంలో ఆ వెలుగు చూసి నేను మురిసిపోయాను, అంతా నా ఘనతేనని.

నాలుగో పాటకు రుక్కి వచ్చింది. ఎప్పటిలాగే ఎక్కడో గొంతెత్తింది. నేను చేతులు కట్టుకున్నాను. షంషుద్దీన్ ఒక మెట్టు నొక్కాడు, స్వరం ఆమె కంటే కిందికి పోయింది. పక్క మెట్టు నొక్కాడు, పైకి పోయింది. మధ్యలో వేలు పెట్టినా ఇత్తడి మెట్టు ఒప్పుకోదు. మర తిప్పి తీగ సవరించబోయాడు, అప్పటికి ఆమె ఇంకాస్త పైకి వెళ్లింది. చెమటలు కారిపోతున్నాయి. రుక్కి పాడుతూనే రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. మూడోసారి చూసేసరికి వాడు తీగల మీద నుంచి చేయి తీసేశాడు. పాట డప్పు మీద నడిచిపోయింది. జనం చప్పట్లు కొట్టారు, ఎవరికీ ఏ లోటూ తెలియలేదు.

కురవిలో ఏం జరిగిందో నాకప్పుడు అర్థమైంది. అమ్మినాయన అబద్ధమాడలేదు; మెట్లు లేకపోబట్టే వాడి వేలు ఆమె గొంతున్న చోటికి జారగలిగింది.

స్టేజీ వెనక టెంటులో రుక్కి వాడి ముందుకొచ్చి నిలబడింది. "కురవిల నా ఎన్కనే ఉంటివి. గీడ నన్నెందుకిడిసిపెట్టినవన్నా?"

"మెట్లు కొట్టిచ్చిన చెల్లె. అందరు గట్లనే ఉండాలన్నరు."

"అందరంటే?"

షంషుద్దీన్ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

"పాడేది నేను గదన్నా. నన్నొక్క మాట అడగకపోతివి" అంది రుక్కి. కోప్పడలేదు. నీళ్ల గ్లాసు తీసుకుని పక్కన కూర్చుంది.

అప్పుడే నిరంజన్ వచ్చి, మంచి పాటకు బేస్ ఆగిపోయింది కాబట్టి ఇక వద్దని చెప్పి వెళ్లిపోయాడు. షంషుద్దీన్ లేచి కరెంటు పని చేసేవాడి దగ్గర పటకారు అడిగి తెచ్చాడు. "మెడ గట్టిగ పట్టుకోన్రి అన్నా" అన్నాడు.

పట్టుకున్నాను. ఒక్కో ఇత్తడి మెట్టూ ఊడుతుంటే దాంతోపాటు చెక్క కూడా పెచ్చులుగా లేచి వచ్చింది. వాడు ఆ గాట్లను బొటనవేలితో తడిమి, "గిది మల్ల ఎన్కటి లెక్క పల్కుతదా అన్నా?" అని అడిగాడు.

"నాకు తెల్వదు షంషూ" అన్నాను. ఆ గిటారు గురించి నేను వాడికి చెప్పిన మొదటి నిజం అదే.