చేపకు వాపసు బటన్

ఈ రోజు ఆదివారం. పొద్దున్నే, ఎప్పుడూ చేపలు కొనే గ్రేస్ ఆంటీ సగం తినేసిన పులుసు గిన్నెతో మా మేనత్త చేపల బల్ల దగ్గరికి వచ్చి, నిన్న యాప్‌లో కొన్న వంజరం చేప వాపసు తీసుకోమన్నారు.

అత్త చేపలు అమ్ముకోవడానికి ఆ యాప్ చేసింది నేనే. కోడ్ ఒక్క లైను కూడా రాయలేదు. "పెద్ద షాపింగ్ యాప్‌లలో ఉన్న సదుపాయాలన్నీ ఇందులోనూ ఉండాలి" అని ఏఐకి ముచ్చటగా ఒక వాక్యం రాశానంతే. అది బుద్ధిగా "నచ్చకపోతే వారంలోగా వాపసు, కారణం చెప్పనక్కర్లేదు" అని బటన్ పెట్టేసింది. ఆంటీ అది నొక్కే వచ్చారు.

ఏళ్ల నాటి బేరం పోతుందని భయపడి అత్త గిన్నె అందుకుని ఇంకో వంజరం ఇచ్చేసింది. ఆంటీ వెళ్లగానే నా మీద పడింది.

"ఏటిరా అల్లుడూ ఇది? వారం ఆగితే సేప దానంతటదే నడిచొచ్చేత్తాది కదరా!"

"ఇప్పుడే తీసేస్తానత్తా."

"తియ్యకు. నాను మాత్రం ఎందుకు నట్టపోవాల? అమ్ముడవ్వని సేపలన్నీ రేపు మనకి సేపలమ్మిన బోటు ఓనరుకి వాపసిచ్చీద్దాం. నువ్వూ వచ్చి ఆ బటన్ సూపించు."

రేపు తెల్లారకముందే హార్బరుకి వెళ్తున్నాం. ఓనరు మహా కోపిష్టి, జెట్టీ పక్కనే సముద్రం. మీలో ఈత వచ్చినవాళ్లెవరైనా తోడు వస్తారా?