ఊచల మధ్య పట్టని పుస్తకాలు

నందిగామలో మా పాత గ్రంథాలయానికి కొత్త హాలు కట్టాలని, నన్ను డిజైన్ చేయమన్నారు. అప్పటికి అక్క పోయి ఏడాది కాలేదు. ముందు వరండా దగ్గర కొలతలు మొదలుపెట్టవలసినదాన్ని, తిన్నగా పక్కనున్న ఖాళీ స్థలంలోకి వెళ్ళాను. ఆ కిటికీ అలాగే ఉంది.

చిన్నప్పుడు మేం పుస్తకాలు తీసుకున్నది ఆ కిటికీలోంచే. లోపల హాలంతా పేపర్లు చదివే మగవాళ్ళు. ఆడపిల్లలు రాకూడదని ఎక్కడా రాసి లేదు. ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు, అంతే. బయట నిలబడి పుస్తకం పేరు చెబితే లైబ్రేరియన్ నిలువు ఊచల మధ్యనుంచి అందించేవాడు. సన్నటివే బయటికి వచ్చేవి. వారపత్రికల సీరియళ్ళు కత్తిరించి కుట్టించిన లావుపాటి బైండ్లు ఊచల దగ్గరే ఆగిపోయేవి.

"ఇది పట్టదమ్మాయ్. సన్నంది ఏదన్నా చెప్పు."

"కాస్త సన్నగా రాయమని వాళ్ళకి చెప్పండి బాబాయిగారూ," అనేది అక్క.

ఆయన నవ్వేవాడు. తలుపులోంచి తెచ్చి ఇవ్వొచ్చని ఆయనకు తోచలేదు, అడగొచ్చని మాకూ తోచలేదు. నాన్నని పంపాలంటే ఏ సీరియలో ఆయనకు చెప్పాలి, ఆ ధైర్యం లేదు. అందుకని ఇంటికి నడిచేటప్పుడు ఆ బైండ్లలో కథ ఎలా ఉంటుందో అక్కే అల్లి నాకు చెప్పేది. పెళ్ళయి జగ్గయ్యపేట వెళ్ళాక కూడా, "ఒకసారి లోపలికెళ్ళి చూడాలే," అంటూండేది. వెళ్ళలేదు.

నా మొదటి డ్రాయింగులో కొత్త హాలును కాస్త దూరం జరిపాను. మధ్యలో గాజు కప్పుతో సన్నటి ఖాళీ. ఊచలతో సహా కిటికీ చెక్కుచెదరదు. కొత్త హాల్లోకి దారి ముందు వరండాలోంచి, బయట చుట్టూ తిరిగి.

ఇప్పటి లైబ్రేరియన్ నాకంటే చిన్నావిడ. డ్రాయింగు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇక్కడ ఇంత చోటు ఎందుకు వదిలేశారండీ?"

కిటికీ కోసమని చెప్పాను. అక్క సంగతీ చెప్పాను.

"సాయంత్రమైతే ఇక్కడ సగం మంది ఆడపిల్లలేనండీ, పరీక్షలకి చదువుకునేవాళ్ళు. వానొస్తే వాళ్ళు తడుస్తూ చుట్టూ తిరిగి రావాలి. ఊచలు మాత్రం భద్రంగా ఉండాలంటారు!" అని, గొంతు తగ్గించి, "మీ అక్కగారికి ఇష్టం కిటికీయా, పుస్తకాలా?" అంది.

హైదరాబాద్ వెళ్తూ చిల్లకల్లు దగ్గర టీ కోసం ఆగి, కారులోనే ఆ డ్రాయింగు మళ్ళీ తీశాను. కొత్త హాలును పాత గోడ దగ్గరికి జరిపాను. కిటికీ పైనున్న రాతి దూలం అలాగే ఉంచి, కింది గోడను నేలదాకా కోస్తే చాలు, అదే తలుపవుతుంది. వెడల్పు సరిపోయింది.

ఊచలు తీసిన రోజు, వాటిని ఇంటికి పంపమంటారా అని మేస్త్రీ అడిగాడు. వద్దన్నాను.

హాలు తెరిచాక ఒక మధ్యాహ్నం వెళ్ళాను. పాత బీరువాలో ఆ బైండ్లు ఇంకా ఉన్నాయి. అక్క ఎక్కువసార్లు అడిగిన సీరియల్ బైండు తీసుకుని, కిటికీ ఉన్నచోటునుంచి కొత్త హాల్లోకి నడిచాను. పరీక్షల పుస్తకాలు ముందేసుకున్న ఒకమ్మాయి బ్యాగు పక్కకు జరిపి చోటిచ్చింది. చీకటిపడేదాకా చదివాను. కథ అక్క చెప్పినట్టు లేదు. అక్క చెప్పిందే బాగుంది.