శనివారం తలంటు

నా చిన్నప్పుడు పాకాల దగ్గర మా ఊళ్ళో మగవాళ్ళకు పొట్ట వస్తే అందరికీ సంతోషం. ఒళ్ళు చేశాడని మెచ్చుకునేవాళ్ళు. మా చిన్నాయన బెల్లం గానుగలో పనిచేసేవాడు. పొద్దుగూకితే సారాయి అంగడి దగ్గర తేలేవాడు. ఒక ఏడు ఆయనకు పొట్ట వచ్చింది. మా పిన్నమ్మకు ఒకటే మురిపెం. రెండు ముద్దలు కూడా సరిగా తినని మనిషికి అంత పొట్ట ఎలా వచ్చిందని ఒక్కరికీ తోచలేదు, మా తెలివి ఏడ్చినట్టే ఉంది! కళ్ళు పచ్చబడితే గానుగ పొయ్యి వేడి అన్నారు. పాదాలు వాచి చెప్పులు పట్టకపోతే రోజంతా నిలబడటం వల్ల అన్నారు. దేనికదే విడిగా చూశాం.

శనివారం మగవాళ్ళకు తలంటు మా ఇంట్లో ఆచారం. చిన్నాయన గానుగకు తొందరంటూ చాలా వారాలుగా తప్పించుకుంటున్నాడు. ఒక శనివారం మా అవ్వ నూనెగిన్నె పట్టుకుని వాకిలికి అడ్డంగా కూర్చుంది. "ఎట్ల పోతావో నేనూ సూస్తా" అంది.

తల్లి మాట కాదనలేక ఎండలో పీట మీద కూర్చున్నాడు. చొక్కా తీస్తే పొట్ట బిందెలా ఉంది, జబ్బలు నా జబ్బలంత ఉన్నాయి. అవ్వ నూనె రాస్తూనే కింది రెప్ప లాగి చూసింది. తర్వాత నన్ను పిలిచి, ఆయన మోకాలి కింద ఎముక చూపించి, "ఈడ నొక్కు పాపా" అంది. నొక్కాను. వేలు తీసినా గుంట పూడలేదు. ఆటనుకుని నవ్వాను. తలెత్తి చూస్తే అవ్వ ఏడుస్తోంది.

"కామెర్లేలేమ్మా, పసరు తాగొస్తా" అన్నాడు చిన్నాయన.

"మీ నాయనకూ పసరే తాగించినాం. ఇట్లే ఉబ్బి పోయినాడురా. నువ్వు గూడా పోతే నేను బతకలేను."

ఆ రోజే రైలెక్కించి రాయవేలూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. తాగుడుకు లివర్ చెడిందని, పొట్టలో ఉన్నది నీరని, ఇంకొక్క చుక్క ముట్టినా మనిషి దక్కడని డాక్టర్ చెప్పాడు. ఆసుపత్రి మంచం మీద చిన్నాయన వణికాడు, అరిచాడు, అవ్వను తిట్టాడు. చివరికి మానేశాడు. నా పెళ్ళిలో నన్ను సాగనంపుతూ వెక్కివెక్కి ఏడ్చేదాకా బతికాడు.

ఆ గుంట నా బొటనవేలికి ఇంకా గుర్తే. ఇప్పుడు తిరుపతిలో మా ఫ్లాటులో తలంట్లు ఎవరికి కావాలి? మా పెద్దవాడు ఆఫీసు పార్టీలంటూ తాగి వస్తాడని నాకు తెలుసు. మొన్న బూట్లు బిగుతయ్యాయి, కొత్తవి కొనాలన్నాడు.

శనివారం పొద్దున్నే నూనె కాచి, బాల్కనీ ఎండలో పీట వేశాను.