చెరకు మోయడం వ్యాయామం కాదట!

ఎముకను తినేసే కణాలు పెరగడానికి ఒక ఎంజైము కావాలి. దాన్ని మందుతో అడ్డుకునే పరిశోధన ఫిజీ రాజధాని సువాలో మా ల్యాబులో జరుగుతోంది. ఆ పని మీదే ఈ రోజు పక్క దీవిలో చెరకు పండే లంబాసా వెళ్ళి, పెద్ద వయసు ఆడవాళ్ళ రక్తం తీసుకుని ఫారాలు నింపాం.

దగ్గర్లోని వునిమోలి ఊరి నుంచి డెబ్బై ఏళ్ళ అచ్చమ్మ వచ్చింది. "ఎక్సర్‌సైజ్ చేస్తావా పెద్దమ్మా?" అని అడిగాను.

"లేదు బేటీ, టైమ్ ఏడుంది? పొద్దున్నే గన్నా కోయాల, మోపు నెత్తిన పెట్టి లారీ దాకా మోయాల. పెళ్ళైన కాడ్నించి ఇదే పని."

మా సారు ఫారంలోకి తొంగిచూసి, "వ్యాయామం లేదని రాసెయ్. పొలం పనికి కంప్యూటర్లో గడి లేదు," అన్నారు.

నేను రాయలేదు. ఆ ప్రశ్న కొట్టేసి, పక్కన "పెళ్ళైనప్పటి నుంచి చెరకు మోస్తోంది" అని పెద్ద అక్షరాలతో రాసి సంతకం పెట్టాను. "గడి లేకపోతే గీయండి సార్. ఆవిడ ఎముకలు కావాలి గానీ, అవి మోసిన బరువు అక్కర్లేదా?" అన్నాను.

తిరుగు విమానంలో సారు నాకు దూరంగా వేరే సీటుకి మారారు. మారితే మారనీ.

మీ ఇంట్లో కూడా జన్మలో వ్యాయామం చేయనివాళ్ళుంటే, వాళ్ళు పొద్దున లేచి ఏం మోస్తారో కింద రాయండి. గడి నేను గీస్తాను.