తొంభై ఐదో లైను

“చెయ్యి తియ్ రజియా. ఆ మాట కొట్టకు.”

“కొట్టకుంటె ఎట్లవ్వా? న్యూ అని కొడితెనే లోపల ఉన్నదంత తుడుసుకపోతది. అప్పుడు నా లైన్లు నాకు సాఫ్‌గ మిగుల్తయ్.”

“తుడుసుకపోతది గదా, అందుకే వద్దంటున్న.”

“ఏం తుడుసుకపోతదో నీకు ఎరుకనా? నాకే ఎరుక లేదు!”

“ఎరుక లేనిదాన్ని తుడుస్తరా? మీ ఇంట్ల గట్లనే చేస్తరా, గిన్నెల ఏమున్నదో చూడకుంటనే పారవోస్తరా?”

“రేపు పొద్దున పది గంటలకు మీటింగ్ అవ్వా. పిట్టలు సక్కగ రాకుంటె ఇంటికి పంపేది నన్ను. నిన్ను కాదు, నన్ను.”

ఆ పిల్ల చెయ్యి మాత్రం మీటల మీద నుంచి తీయలేదు. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఎండాకాలం, పట్టపగలు రెండు గంటలు. అయినా ఆ గదిలో చీకటే. దుమ్ము పడితే కంప్యూటర్ పాడవుతుందని కిటికీలకు నల్లగుడ్డ కొట్టారు. వెలుగు ఉన్నదల్లా ఆ తెర మీదే. మేము ఎంత అరిచినా అది మాత్రం ‘ఓకే’ అని ఒక ముక్క చూపించి, దాని కింద చిన్న గీతను ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చుంది.

అది తొంభై మూడో సంవత్సరం. నారాయణపేటలో మా చేనేత సొసైటీ వెనక గదిలో జరిగింది. అప్పటికి నేను ఆ సొసైటీలో పదిహేనేళ్లుగా కార్డులు పొడుస్తున్నాను. ఈ పని ఇప్పటివాళ్లకు తెలియదు కనుక రెండు మాటల్లో చెబుతాను. చీర అంచులో బొమ్మ రావాలంటే మగ్గం మీద జకార్డు అనే పెట్టె ఉంటుంది. అందులో కొక్కేలు, వాటికి దారాలు. ఒక్కో వరుస నేతకు ఒక్కో అట్ట కార్డు. కార్డులో బొక్క ఉన్నచోట కొక్కెం లేచి దారాన్ని ఎత్తుతుంది, లేనిచోట ఎత్తదు. డిజైన్ మాస్టర్ గళ్ల కాగితం మీద బొమ్మ గీసిస్తే, నేను ఆ గళ్లు చూసి పొగరు అనే ఇనుప ఉలితో, కట్టె సుత్తితో బొక్కలు పొడవాలి. అంచుకు నూటిరవై కార్డులు. వాటిని తాడుతో వరుసగా కుట్టి, రెండు కొసలూ కలిపి దండలా చేసి జకార్డుకు ఎక్కిస్తారు.

నేను చదివింది మూడో తరగతి. అంకెలు బాగా వచ్చు. ఇంగ్లీషు అక్షరాలు నూలు మూటల మీది చీటీలు చూసి నేర్చుకున్నాను. మాటలకు అర్థం తెలియదు, అక్షరం మాత్రం గుర్తుపడతాను. పొడిచినప్పుడు రాలే గుండ్రటి అట్ట ముక్కలు కూడా పారేయను. సంచిలో పోసి ఇంటికి తీసుకుపోతే పొయ్యి రాజేయడానికి నెల వస్తాయి.

మా డిజైన్ మాస్టర్‌తో నాకు పదిహేనేళ్లు ఒకటే తగువు. ప్రతి దండలో మొదటి కార్డుకు కుడి చేతి పై మూలన రెండు బొక్కలు పొడిపించేవాడు. ఆ మూలన ఉన్న కొక్కేలకు దారమే కట్టి ఉండదు. అవి లేచినా గాలిని ఎత్తుతాయి, అంతే.

“ఎందుకు మాస్టర్ ఇవి?”

“పొడువు.”

“ఉత్తగనే నా చెయ్యి నొప్పి, పొగరు అరుగుడు.”

“పొడువు బాలమ్మా.”

నేను టక్, టక్ అని ఆ రెండూ కొట్టేదాకా నా వెనకే నిలబడేవాడు. కొట్టాక పోయేవాడు. కార్డుల దండను మగ్గానికి ఎక్కించేది కూడా ఆయన ఒక్కడే. ఇంకొకరి చెయ్యి తగలనిచ్చేవాడు కాదు.

సొసైటీకి కంప్యూటర్ వచ్చాక, యాభై దాటిన వయసులో, మాస్టర్ హైదరాబాదులో రెండు నెలలు ఉండి బేసిక్ అనేది నేర్చుకొచ్చాడు. ఆ బేసిక్ అంటే మిషిన్‌కు పని చెప్పే భాష. ఒక్కో ఆజ్ఞకు ముందు ఒక నంబరు వేసి కొడతారు. పది, ఇరవై, ముప్పై అని. రన్ అని కొడితే ఆ నంబర్ల వరుసలో పని చేసుకుపోతుంది. లిస్ట్ అని కొడితే లోపల ఉన్న లైన్లన్నీ తెర మీద చూపిస్తుంది. మాస్టర్ దాంతోనే అంచుల బొమ్మలు గీసి ప్రింటర్ మీద గళ్లు తీసేవాడు. ఆఖరుగా గీసింది చిలకల అంచు. గీసి నా బల్ల మీద పెట్టి, మర్నాడు మహబూబ్‌నగర్ పోయే బస్సులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఆ చిలకల అంచు ఐదు మగ్గాలకు ఎక్కింది. నేత పని బోర్లా ఉంటుంది, బొమ్మ కింది వైపు పడుతుంది, నేసేవాడికి కనబడదు. నలభై రోజులకు, అప్పటిదాకా నేసిన చీరలన్నీ కోసి మడత విప్పారు. మూడు మగ్గాల చీరల్లో చిలకలు తలకిందులుగా ఉన్నాయి. కాళ్లు పైకి, తలలు కిందికి. అంచు పొడవునా చచ్చిన పిట్టలను వరుసగా పేర్చినట్టు. అశన్న అనే నేతగాడు చీరను మడిచి నేల మీద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు.

చిత్రం ఏమిటంటే, ఆ మూడింట్లో ఒకటైన అశన్న మగ్గం మీద మొదటి పడుగు చీరల్లో చిలకలు చక్కగానే ఉన్నాయి. పడుగు అయిపోయాక దండ తీసి మళ్లీ ఎక్కించి నేస్తే తిరగబడ్డాయి. అదే మగ్గం, అవే కార్డులు, అదే మనిషి. మగ్గం గుంటలోకి దిగి, అద్దం పట్టుకుని కింది నుంచి చూశాను నేను. ఆ మసక వెలుతురులో చిలకలన్నీ కాళ్లు చాపి అద్దంలోంచి నా వంక చూస్తున్నాయి. అశన్న పైనుంచి అడిగాడు.

“ఎట్లున్నయ్ అక్కా?”

“గట్లనే ఉన్నయ్.”

“మాస్టర్ ఇంకా పోలేదక్కా. ఈడనే తిరుగుతుండు.”

“నోరు మూసుకుని నెయ్యి.”

అన్నానే కానీ, ఆ రోజు మళ్లీ ఆ గుంటలోకి దిగలేదు. మర్నాడు ఎవరో కంప్యూటర్ గది గడపకు నిమ్మకాయ కట్టారు.

మాస్టర్ పోయాక ఆయన జాగాలో వచ్చిన పిల్లే రజియా. ఊళ్లో కుట్టుమిషన్ల రిపేరు చేసే ఆయన బిడ్డ. మహబూబ్‌నగర్‌లో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుంది. ఆ ఇంట్లో నెలజీతం తెచ్చేది ఆమె ఒక్కతే. సొసైటీ అధ్యక్షుడు ఆమెకు గట్టిగా చెప్పాడు. “ఆయన గీసింది మాకొద్దు. ఆయన గీత ఒక్కటి కూడ ఉండొద్దు. నువ్వు మొదటి సంది కొత్తగ రాయి. రేపటి మీటింగ్‌ల గళ్ల కాయితం నా చేతుల పెట్టాలె. లేకుంటె ఆ గదికి తాళం, నీకు సెలవు.”

ఆ పిల్ల నోటుబుక్కులో వారం రోజులు రాసుకుని, ఆ రోజు మధ్యాహ్నం మిషిన్‌లో కొట్టింది. కార్డులు పొడవాల్సింది నేనే కనుక పక్కన కూర్చున్నాను. రన్ అని కొట్టింది. ప్రింటర్ కిర్రుమంటూ చిలకను గీయడం మొదలుపెట్టింది. మొదటి వరుస అయింది. అయ్యాక ఆ ప్రింటర్ తల వెనక్కి రావాలి. రాలేదు. ఖాళీ కాగితం మీద కుడి కొస దాకా పోయి, ఆగి, కొట్టింది.

టక్. టక్.

నేను వెనక్కి తిరిగి చూశాను. నా వెనక ఎవరూ లేరు. పదిహేనేళ్లు ఆ రెండు దెబ్బల తర్వాత వెనక్కి తిరిగితే ఒక మనిషి ఉండేవాడు.

కాగితం మీద, బొమ్మకు దూరంగా, కుడి పై మూలన రెండు చుక్కలు.

“గవి నువ్వు పెట్టినవా?”

“నేను పెట్టలేదవ్వా. అల్లా తోడు. నా బుక్కుల లేనే లేవు.” ఆ పిల్ల బుక్కు తిరగేసి చూసింది. మళ్లీ రన్ కొట్టింది. మళ్లీ టక్, టక్. అప్పుడే న్యూ కొడతానని చేతులు పెట్టింది, నేను పట్టుకున్నాను. పైన చెప్పిన తగువు అదే.

“వద్దు,” అన్నాను. “నేను కార్డులల్ల తప్పు దొరకవట్టాలంటె కార్డును గళ్ల మీద పెట్టి ఒక్కొక్కటి సరిచూస్త. గట్లనే చూద్దాం. లిస్ట్ అన్నవు గదా, గది కొట్టు. నేను తెర మీది నంబరు చదువుత. నువ్వు బుక్కుల చూసి ఉన్నదో లేదో చెప్పు.”

“అన్నీ నేను కొట్టినయే గదవ్వా.”

“చెప్పమంటె చెప్పు.”

లిస్ట్ కొట్టింది. నేను వేలు పెట్టి చదివాను. పది. ఉంది. ఇరవై. ఉంది. అలా ఎనభై, తొంభై.

“తొంభై ఐదు.”

రజియా వేలు బుక్కులో పైకీ కిందికీ పోయింది.

“రజియా, తొంభై ఐదు.”

“నా బుక్కుల తొంభై తర్వాత వంద.”

“తెర మీద తొంభై ఐదు ఉన్నది. వంద కూడ ఉన్నది. దాని కింద నూట ఐదు ఉన్నది.”

ఆమె అప్పుడు చూసింది. చూసి, ముఖం చేతుల్లో పెట్టుకుని నిజం చెప్పింది. పొద్దున మాస్టర్ ఫ్లాపీలోంచి ఆయన చిలకల ప్రోగ్రాంను లోడ్ చేసి, అంటే మిషిన్‌లోకి ఎక్కించి, ఎలా రాశాడో చూసిందట. అధ్యక్షుడు వద్దన్నాడు కనుక ఎవరికీ చెప్పలేదు. చూశాక న్యూ కొట్టి తుడవడం మరిచిపోయి తన లైన్లు కొట్టుకుపోయింది. ఒకే నంబరు ఉన్నచోట ఆయన లైను పోయి ఆమె లైను వచ్చింది. ఆమెకు లేని నంబరు ఉన్నచోట ఆయన లైను అలాగే ఉండిపోయింది. ఆయనా పదుల్లోనే రాశాడు. తర్వాత ఏదో గుర్తొచ్చి మధ్యలో దూర్చినవి రెండే. అవే మిగిలాయి.

“నూట ఐదు అంటె ఆ రెండు సుక్కలు వెట్టుమని,” అంది రజియా. “తొంభై ఐదు రెమ్. రెమ్ అంటె మిషిన్ చదవదవ్వా. దాటిపోతది. మనుషులు చదువుకునేటందుకు రాసిపెట్టుకుంటరు.”

“ఏం రాసిండు?”

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. నేను అక్షరాలు పలుకుతూ పోయాను, ఆమె కలుపుతూ పోయింది. *రెండు బొక్కలు కుడి చేతికి. లేకుంటే పిట్ట బోర్ల పడతది. బాలమ్మ అడుగుతది.*

నా పేరు ఒక్కో అక్షరంగా నా నోట్లోంచే వచ్చింది. కలిసేదాకా అది నా పేరని నాకు తెలియలేదు.

రజియా తెర మీద ఆ లైను చివర వేలు పెట్టింది. “రాసినట్టె నువ్వు అడిగినవవ్వా,” అంది.

ఎప్పుడు రాశాడో చూడమన్నాను. ఫ్లాపీలో తారీఖు చూసింది. ఎనభయ్యో సంవత్సరం, జనవరి ఒకటి అని ఉంది. అప్పటికి మా సొసైటీకి కంప్యూటరే లేదు. పొద్దున ఎవరూ తారీఖు కొట్టకపోతే మిషిన్ అలాగే వేసుకుంటుందని చెప్పింది. అలాగే అయి ఉంటుంది. కానీ ఆయన ఏ రోజున రాశాడన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు నా మాట. మాస్టర్ ఆఖరి గళ్ల కాగితం మీద కూడా ఆ రెండు చుక్కలు ఉన్నాయి. ఆయన పోయిన మూడో రోజున కార్డులు పొడవడానికి కూర్చున్నాను. వెనక నిలబడే మనిషి లేడు. గాలిని ఎత్తే బొక్కలు ఎందుకని ఐదు దండల్లోనూ వదిలేశాను. వాటి పని గుర్తు చెప్పడం. దండను కుడిఎడమలు మార్చి ఎక్కిస్తే మొదటి కార్డు ఆఖరుకు, కుడి కొక్కెం ఎడమకు పోయి బొమ్మ తిరగబడుతుంది. ఆ రెండు బొక్కలు కుడి చేతి వైపు ఉంటే దండ సరిగ్గా ఉన్నట్టు. ఆయన పోయాక ఎవరి దండ వాళ్లే ఎక్కించుకున్నారు. చూసుకోవడానికి గుర్తు లేదు. కొందరికి సరిగ్గా పడింది, కొందరికి పడలేదు. పిట్టలను చంపింది మాస్టర్ కాదు, రజియా అసలే కాదు.

పదిహేనేళ్లు అడిగినా చెప్పకపోవడం ఆయన తప్పు. చెప్పలేదు కదా అని మానేయడం నా తప్పు. ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న ఏ పిల్లకూ ఉత్తగా ‘పొడువు’ అని చెప్పలేదు. ఎందుకో చెప్పి పొడవమన్నాను.

మర్నాడు పొద్దున ఆరు గంటలకు పొగరు, సుత్తి పట్టుకుని మగ్గాల దగ్గరికి పోయాను. ఐదు దండల్లోనూ మొదటి కార్డు వెతికి, కుడి పై మూలన రెండేసి బొక్కలు పొడిచాను. మూడు దండలు తిప్పి ఎక్కించాం. అశన్న నాలుగు వేళ్ల మేర నేశాడు. నేను గుంటలోకి దిగి అద్దం పట్టాను. చిలకలు కాళ్ల మీద నిలబడి ఉన్నాయి.

పది గంటలకు మీటింగ్‌లో అధ్యక్షుడు “తప్పెవరిది?” అని అడిగాడు. “నాది,” అని, ఎలా జరిగిందో చెప్పాను. ఆయన సెలవు మాట ఎత్తకుండా రజియాను పని చూసుకోమన్నాడు.

మేమిద్దరం గదిలోకి పోయాం. రజియా ఆ రెండు లైన్లూ తన నోటుబుక్కులో ఎక్కించుకుంది. తర్వాత న్యూ అని కొట్టింది. లిస్ట్ అని కొట్టింది. ఏమీ రాలేదు, ఓకే ఒక్కటే. బుక్కు తెరిచి మొదటి నుంచి కొట్టుకుంటూ వచ్చింది. తొంభై అయ్యాక ఆగి నా ముఖం చూసింది.

“కొట్టు,” అన్నాను. కొట్టింది.