పొట్టి గాడిద పాలు

నాయనమ్మకు గాడిద పాల మీద ఎంత నమ్మకమో, అవి అమ్మే మనిషి మీద అంత అనుమానం. అక్క కొడుకు నెలల పిల్లవాడు, డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తున్నాడు. నరసరావుపేట డాక్టరు ఇచ్చిన మందు సీసా సగమైనా ఆయాసం తగ్గలేదు. అందుకే వీధిలో కేక వినపడగానే పాలామెను పిలిపించింది.

ఆ గాడిద వీపు నా నడుము దాకా కూడా లేదు.

"ఏందమ్మే, ఇది గాడిదా, గాడిద పిల్లా?"

"దీని జాతే పొట్టి, పెద్దమ్మా. ఎనకాల పిల్లను చూడు."

"అది దీని పిల్లేనా? తల్లేమో బూడిద రంగు, పిల్లేమో ఎరుపు."

"వాళ్ల నాయన ఎరుపులే!"

నాకు నవ్వొచ్చింది. నాయనమ్మకు రాలేదు. ఎక్కడైనా మేకపాలు దాచిందేమోనని పాలామె చేత కొంగు దులిపించింది. చేతులు కడిగించి, మా ఉగ్గుగిన్నె ఇచ్చింది. తల్లిని లోపలికి రానిచ్చి, పిల్లను బయటే ఉంచి గడియ వేసింది.

"పిల్ల మూతి పెట్టందే చేపదు పెద్దమ్మా, పాలు దిగవు."

"అదొస్తే పాలన్నీ అదే తాగుద్ది. కానీ, పిండు."

గేదెలను సాకిన నాయనమ్మకు ఆ సంగతి తెలియక కాదు. అనుమానం వస్తే ఆమెకు తెలిసింది కూడా గుర్తుండదు.

పాలు రాలేదు. "ఒట్టిపోయిన గాడిదను తోలుకొచ్చింది" అని నాయనమ్మ మొదలుపెట్టింది. అక్క ఒడిలో పిల్లవాడి ఆయాసం పెరిగింది. అక్క నా వంక చూసింది. కొత్తవాళ్ల ముందు నోరు పెగలని నేను, వెళ్లి గడియ తీశాను. పిల్ల నా పక్కనుంచి దూరి తల్లి పొదుగు పట్టింది. తల్లి చెవులు వాలాయి. పాలామె వెంటనే పిల్ల మూతిని అరచేత్తో పక్కకు నెట్టి గిన్నె పెట్టింది.

నాయనమ్మ ఒక చుక్కను గోటి మీద జార్చి చూసి, వాసన చూసి, అప్పుడు పిల్లవాడికి పట్టించింది.

నా కళ్లు మాత్రం ఆ గాడిద పిల్ల మీదే ఉన్నాయి. తల్లి జాతే పొట్టిదా, లేక చిన్నప్పుడు దాన్నీ ఇలాగే కడుపునిండా తాగనివ్వలేదా? అడగడానికి ధైర్యం చాలలేదు.

రోజూ పోయించగా పిల్లవాడి ఊపిరి నెమ్మదించింది. "డాక్టరు మందే పని చేసిందేమోలే" అంది నాయనమ్మ. అయినా మర్నాడు కేక వినపడక ముందే తనే గడియ తీసి నిలబడింది.

గాడిద రాగానే, దాని పిల్లకూ పాలు మిగలాలని నేను గుప్పెడు నానబెట్టిన ఉలవలు తీసుకుని తల్లి గాడిద వైపు నడిచాను.

"ఆగవే. గుప్పిట్లో ఏంది?" అంది నాయనమ్మ.

చెయ్యి తెరిచి చూపించాను.